పగలు చెప్పిన కథ

మా ఇంట్లో పగలు కథలు చెప్పకూడదు. పగటిపూట కథ చెబితే మేనమామ దారి తప్పుతాడని అమ్మ నమ్మకం. ఇలాంటి మాట ఇంకొన్ని ఇళ్లలోనూ ఉందని పెద్దయ్యాక తెలిసింది కానీ, ఆ ఇళ్ల మేనమామలు పొలం దాకానో సంత దాకానో వెళ్లొచ్చే మనుషులు. తప్పినా చీకటి పడేసరికి ఎవరో ఒకరు వెంటబెట్టుకొస్తారు. మా మామ బస్సు డ్రైవరు. కొత్తగూడెంలో బయల్దేరి, పాల్వంచ దాటి, అడవి మధ్య నుంచి సాగి, గోదావరి వంతెన ఎక్కి భద్రాచలం చేరే బస్సు ఆయనది. ఆయన దారి తప్పితే ఒక్కడే తప్పడు. బస్సెడు జనం, వాళ్ల సంచులు, కోళ్ల గంపలు, దేవుడికి తలనీలాలివ్వడానికి పోతున్న పసిపిల్లలు, అందరూ తప్పుతారు. ఇంత బరువు నా నోటి మీద పెట్టి అమ్మ నిశ్చింతగా బియ్యం ఏరుకునేది.

నేను పిల్లల పుస్తకాలు రాస్తాను. ఎక్కడికి వెళ్లినా "మీరు రచయిత్రి ఎలా అయ్యారండీ" అని అడుగుతారు. చిన్నప్పుడు చాలా చదివేదాన్ననీ, ఇంట్లో పెద్దవాళ్లు కథలు చెప్పేవాళ్లనీ అంటే వాళ్లకు తృప్తిగా ఉంటుంది. నిజం వేరు. పగలు నోరు మూసుకోమన్నారు కాబట్టి రచయిత్రినయ్యాను.

మాది గని కార్మికుల క్వార్టర్. నాన్న రాత్రి షిఫ్టు చేసొచ్చి పగలు పడుకునేవాడు. అసలు ఆ నియమం వెనక మామ దారి కంటే నాన్న నిద్రే ఎక్కువ పని చేసిందేమోనని నాకిప్పటికీ అనుమానం. వేసవి మధ్యాహ్నాలు కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టి ఉండేది. లోపల చల్లటి మసక, బయట ఆరేసిన బట్టల మీద కనబడకుండా వాలే బొగ్గు పొడి. నాన్న గురక, గోనె మీంచి బొట్టుబొట్టుగా నీళ్లు. ఆ మసకలో పడుకుంటే ఇల్లు కదులుతున్నట్టుండేది. కథలు నాకు సరిగ్గా అప్పుడే వచ్చేవి, చెప్పకూడని వేళ చూసుకుని మరీ. సాయంత్రం దాకా వాటిని కడుపులో పెట్టుకోవడం నా వల్ల కాలేదు.

"చెప్పనే అమ్మా, రాసుకుంట. రాస్తే మామ తప్పుతడా?" అని అడిగాను.

అమ్మ చేట ఆపి ఆలోచించింది. పిల్ల అడిగింది కదా అని ఏదో ఒకటి అనేయలేదు, నిజంగానే ఆలోచించింది. బస్సెడు జనం సంగతి మరి.

"రాస్తే ఏంగాదు. నోట్ల నుంచి మాత్రం రావద్దు. పెదవులు గూడ కదలొద్దు," అంది.

అలా పాత క్యాలెండర్ కాగితాలు చింపుకుని వాటి వెనక రాయడం మొదలుపెట్టాను. ఇన్నేళ్లయినా రాసేటప్పుడు నా పెదవులు బిగుసుకునే ఉంటాయి. ఒకసారి ఫొటో తీయడానికి వచ్చినాయన "మేడమ్, కొంచెం కోపం తగ్గించుకోండి" అన్నాడు. అది కోపం కాదు బాబూ, రవాణా భద్రత అని చెప్పాలనిపించింది.

మామ మాతోనే ఉండేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే "సీట్లు నిండినయ్" అనేవాడు. రోజూ మధ్యాహ్నం తిరుగు ట్రిప్పులో, మా క్వార్టర్ల మూల మలుపు తిరిగేటప్పుడు హారన్ కొట్టేవాడు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పాఁ... ప్పా. వేరే ఏ డ్రైవరూ అలా కొట్టడు. అది వినబడగానే అమ్మ ఎక్కడున్నా, చేతిలో ఏ పనున్నా, "వచ్చిండు" అనేది. మాతో కాదు, ఎవరితోనూ కాదు. ఆ మాట అని లేచి ఎసరు పెట్టేది. మామ బండి డిపోలో అప్పజెప్పి నడిచి వచ్చేసరికి అన్నం ఉడికి ఉండేది. అమ్మ రోజంతా ఎదురుచూసింది ఆ ఒక్క మాట అనడానికేనని నాకు చాలా కాలం దాకా అర్థం కాలేదు.

మామ మాత్రం ఈ నమ్మకాన్ని ఆటపట్టించేవాడు. మా ఊరి రైల్వే స్టేషన్ బోర్డు మీద భద్రాచలం రోడ్ అని ఉంటుంది. దిగినవాళ్లు రాములవారి గుడి పక్కనే అనుకుని చుట్టూ చూస్తారు. ఇంకా బోలెడు అడవి దాటాలని చెప్పి వాళ్లను బస్సెక్కించుకోవడం మామ రోజువారీ పని. "మంది దారి తప్పేది కథలతోని కాదక్కా, ఆ బోర్డుతోని," అనేవాడు. అమ్మ నవ్వేది కాదు.

ఒకరోజు హారన్ వినబడలేదు.

ఎండ గోడ దిగిపోయింది. నాన్న లేచి టీ తాగి మళ్లీ షిఫ్టుకు తయారవుతున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి రోడ్డు వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"పగలు ఏమన్న చెప్పినవా?"

"చెప్పలే."

"పెదవులు కదిలినయా?"

నాకు ఒళ్లు మండిపోయింది. రాసిన కాగితం తెచ్చి ఆమె ముందు పడేసి మూల కూర్చున్నాను. పొద్దుగూకే వేళకు మామ వచ్చాడు, ఎప్పటిలాగే చొక్కా భుజాన వేసుకుని. అమ్మ అడగకముందే "హారన్ పోయింది" అన్నాడు.

చెడిపోయిందని ఆయన అర్థం. వైరు తెగిందో ఏమో, డిపోలో ఆ పని చూసుకుని వచ్చేసరికి పొద్దుపోయింది. కానీ మన భాషలో పోవడానికి అంతు లేదు. కరెంటు పోతుంది, పరువు పోతుంది, ప్రాణం పోతుంది, పెన్సిలూ పోతుంది. పెన్సిల్ పోయినప్పుడల్లా అమ్మ "ఎక్కడ పోయిందో పొయ్యి దేవులాడు" అని వెతకడానికి నన్ను తరిమేది కాబట్టి, హారన్ కూడా ఎక్కడో జారి పడిపోయిందనే అనుకున్నాను.

"ఎక్కడ పోయింది మామా?"

మామ నా మొహంలోకి చూశాడు. నవ్వలేదు. నీళ్ల చెంబు అందుకుంటూ చాలా తాపీగా, "అడవిల, కోడలు పిల్లా. వాగు దాటినంక. దేవులాడినం గని దొరకలే," అన్నాడు.

నా బతుకంతా ఆ జవాబు మీదే నడిచిందంటే మీరు నమ్మాలి. ఆయన వైరు తెగిందని చెప్పి ఉంటే నేను ఈపాటికి ఏ ఆఫీసులోనో ఫైళ్లు సర్దుకుంటూ ఉండేదాన్ని. కళ్లు మూసుకుంటే టేకు ఆకుల కింద పడి ఉన్న హారన్ కనిపించేది. దాని మీద మంచు కురిసేది, ఇప్పపూలు రాలేవి. నెమలి వచ్చి దాన్ని పొదిగేది. ఎలుగుబంటి తేనెపట్టు అనుకుని నాకేది. ఇటు బస్సు ఇంటికి రాలేక అడవి అంచున ఆగిపోయేది, ఎందుకంటే హారన్ లేకపోతే వచ్చినట్టు ఇంట్లో తెలియదు, తెలియకపోతే అన్నం ఉడకదు. చివరికి బస్సులోని జనమంతా దిగి, అడవి వైపు తిరిగి, నోళ్లతోనే హారన్ కొడతారు. లోపలి నుంచి పోయిన హారన్ జవాబిస్తుంది. చాలా ఏళ్ల తర్వాత నా మొదటి పుస్తకంగా వచ్చిన కథ అదే.

పగలు రాసింది సాయంత్రం దీపాలు పెట్టాక వాకిట్లో చదివేదాన్ని. మామ నులకమంచం మీద వెల్లకిలా పడుకుని ఊఁ కొట్టేవాడు. ఊఁ కొట్టడంలో ఆయన్ను మించినవాణ్ని నేను చూడలేదు. స్టీరింగ్ ముందు అంతసేపు కూర్చున్న మనిషి కదా, నిద్రలోకి జారుతూ కూడా ఊఁ తప్పేవాడు కాదు. అమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ ఉండేది. వింటున్నట్టు ఎప్పుడూ కనబడలేదు. నేను మాత్రం ఒక చెవి మామ మీదే పెట్టేదాన్ని. ఊఁ ఆలస్యమైన చోట వాక్యం బాగా లేదన్నమాట. మర్నాడు పగలు ఆ వాక్యం కొట్టేసేదాన్ని. ఊఁ కాస్త పైకి లేచి "ఊఁ?" అయిన చోట పేజీ మారాలి. తర్వాత నాకు మంచి ఎడిటర్లు దొరికారు, బాగా చదువుకున్నవాళ్లు. వాళ్లు పెట్టే ఎర్ర గీతలు చూసినప్పుడల్లా ఇక్కడ మామ ఊఁ కొట్టేవాడు కదా అని లోపల వాదన పెట్టుకునేదాన్ని.

ఖమ్మంలో ఒక డీటీపీ సెంటర్‌లో పెళ్లి కార్డులు టైపు చేస్తూ, తీరిక దొరికితే నా కథలు టైపు చేసుకున్నాను. ఆదివారం పేపర్లో పిల్లల పేజీ నన్ను కొన్నాళ్లు మోసింది. తర్వాత బొమ్మలతో చిన్న చిన్న పుస్తకాలు వచ్చాయి. చుట్టాల ఇళ్లలో పెళ్లికి వెళ్తే ఎవరో ఒకరు అడిగేవాళ్లు, ఏం చేస్తున్నవని. పిల్లల కథలు రాస్తున్నానంటే, "అవ్, అది సరే. పని ఏం చేస్తున్నవ్?" అని మళ్లీ అడిగేవాళ్లు. మామ పక్కనుంటే "అడవిల హారన్లు దేవులాడుతది" అని చెప్పేవాడు. వాళ్లు అదేదో గవర్నమెంటు ఉద్యోగం అనుకుని తలూపేవాళ్లు.

నాన్న పోయాక క్వార్టర్ ఖాళీ చేసి రోడ్డుకు దగ్గర్లో చిన్న ఇల్లు కట్టుకున్నాం. స్థలం కొనేటప్పుడు అమ్మ చూసిన వాస్తు ఒక్కటే, మామ హారన్ వినబడాలి. నేను ఖమ్మం వదిలి ఆ ఇంటికే వచ్చేశాను.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, బడులు పగలు నడుస్తాయి. పుస్తకాలు వచ్చాక బడులవాళ్లు పిలవడం మొదలుపెట్టారు, వచ్చి పిల్లలకు కథ చెప్పమని. మొదటి పిలుపు తల్లాడ దగ్గర ఒక స్కూలు నుంచి వచ్చింది. అమ్మ రెండు పూటలు నాతో మాట్లాడలేదు. చివరికి మామే తీర్పు చెప్పాడు.

"నా బస్సుకు రూటు బోర్డున్నది. నీ బిడ్డ కథకే ఏ బోర్డు లేదు. దారి తప్పితే అదే తప్పుతది గని నేను తప్పనక్కా. పోనియ్."

వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, నా నోటితో, అంతమంది పిల్లల ముందు. మొదటి వాక్యం అనగానే నాకు వాళ్ల మొహాలు కనబడలేదు, గోదావరి వంతెన కనబడింది. ఆ రోజు ఇంటికి తిరిగొచ్చేసరికి అమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. "వచ్చిండు. నువ్వు కూర్చో, తిందువు," అంది, నేనేమీ అడగకముందే.

తర్వాత ఎన్ని బడులో. ముదిగొండ వైపు పొలాల మధ్య బడులు, అడవిలో కోయగూడేల బడులు. గూడెం పిల్లలు మొదట మౌనంగా ఉండేవాళ్లు. ఇంట్లో వాళ్ల భాష వేరు, నా తెలుగు వాళ్లకు బడి తెలుగు. హారన్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఏ భాషా అక్కర్లేకపోయేది. అందరూ లేచి నోళ్లతో పాఁ... ప్పా అనేవాళ్లు. ఆ వెలుతురులో, ఆ చెట్ల కింద, ఎక్కడో దూరాన రోడ్డు మీద మామ కూడా అదే హారన్ కొడుతున్నాడని అనుకుంటే నాకు చాలా సంతోషంగా ఉండేది. నా జీవితంలో అంతకు మించిన సంతోషం ఏదీ లేదు.

మామ రిటైరయ్యాడు. హారన్ ఆగిపోయింది. మధ్యాహ్నం ఆ వేళకు అమ్మ చేతిలో పని ఆగి మళ్లీ సాగేది. మామ ఎదురుగా మంచం మీదే కూర్చుని ఉన్నా సరే, ఆగేది. ఇంట్లోనే ఉన్న మనిషి గురించి వచ్చిండు అని ఎలా అంటుంది.

కొన్నేళ్లు బాగానే గడిచాయి. తర్వాత ఒకరోజు పాల ప్యాకెట్‌కు వెళ్లిన మామ సాయంత్రం దాకా రాలేదు. బస్టాండులో, భద్రాచలం బస్సులు ఆగే చోట కూర్చుని ఉంటే తెలిసినవాళ్లు ఆటోలో తీసుకొచ్చారు. ఆ తర్వాత వీధి మలుపులు మర్చిపోయాడు. బాత్రూమ్‌కని లేచి వీధి గేటు తీసేవాడు. "బండి టైమైంది" అనేవాడు. దవాఖానాలో డాక్టరు మంచివాడు, ఓపికగా చెప్పాడు, ఇది మతిమరుపు జబ్బని, తగ్గదని, నెమ్మదిగా పెరుగుతుందని. "మీ మామకు మతి పోయిందంట గద" అని పక్కింటివాళ్లు అడిగితే, ఎక్కడ పోయిందో చెబితే వెళ్లి దేవులాడుకుంటానని నోటి చివరిదాకా వచ్చింది.

దవాఖానా నుంచి వచ్చిన సాయంత్రమే అమ్మ అంది. "బడులల్ల కథలు చెప్పుడు బంద్ పెట్టు."

"డాక్టర్ చెప్పింది విన్నవ్ గదనే. అది జబ్బు. నా కథలతోని వచ్చింది కాదు."

"విన్న. ఆయనకు తెలిసింది ఆయన చెప్పిండు. నాకు ఉన్నది ఒక్క తమ్ముడు."

అరిచాను. చదువుకున్నదాన్ని కాబట్టి చదువుకున్న మాటలు అన్నీ అరిచాను. మామ మా ఇద్దరి మధ్య కూర్చుని, పొరుగింటివాళ్ల గొడవ చూస్తున్నట్టు చూశాడు. ఆ రాత్రే బడులకు ఫోన్లు చేసి రానని చెప్పాను. అమ్మ మీద పీకలదాకా కోపం. దానికంటే ఎక్కువ కోపం నా మీద, ఎందుకంటే నాలో ఎక్కడో ఒక మూల ఆమె మాట నిజమేమోనని భయం ఉంది. ఇన్నేళ్లు ఇన్ని బడులు తిరిగి ఇన్ని కథలు చెప్పాను, ఒక్కొక్కటి ఒక్కొక్క మలుపు ఆయన్నుంచి చెరిపేసిందేమోనని.

రాయడమూ ఆగిపోయింది. సాయంత్రం చదివినా ఊఁ లేదు. మామ వాకిట్లోనే ఉండేవాడు గానీ చీకటి పడితే భయపడేవాడు, లోపలికి పోదామనేవాడు. నా వాక్యాలు బాగున్నాయో లేదో చెప్పేవాళ్లు లేకుండా పోయారు. బల్ల ముందు పెదవులు బిగించుకుని కూర్చునేదాన్ని, లోపల ఏమీ లేకుండా.

ఇప్పపూలు రాలే కాలంలో ఒకరోజు మామ పొద్దున్నే కనబడలేదు. బస్టాండు, స్టేషను, పాత క్వార్టర్లు, అన్నీ తిరిగాను. అమ్మ గుమ్మం వదల్లేదు. మధ్యాహ్నం దాటాక ఒక కుర్ర డ్రైవరు ఆయన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. బస్సెక్కి, పాల్వంచ దాటాక, అడవిలో వాగు దగ్గర దిగిపోయాడట. తిరుగు ట్రిప్పులో ఈ అబ్బాయే చూసి బండి ఆపాడట.

"రోడ్డు పక్కన వంగి ఆకులన్నీ ఎత్తి చూస్తున్నడు మేడమ్. ఏం దేవులాడుతున్నవ్ తాతా అంటే, హారన్ పోయింది అన్నడు. మా కోడలు ఎదురుచూస్తది అన్నడు."

ఆ అబ్బాయి మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. మామ చేతుల నిండా మట్టి, గోళ్లలో ఎండుటాకు పొడి. అమ్మ పళ్లెంలో నీళ్లు తెచ్చి ఆయన చేతులు కడుగుతోంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వస్తే నాకు మాట కటువవుతుంది.

"నేను ఇన్ని నెలలు ఒక్క కథ చెప్పలేదమ్మా. అయినా తప్పిండు," అన్నాను.

"తెలుసు," అంది అమ్మ, చేతులు కడుగుతూనే.

కొన్నాళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం, అన్నం తిన్నాక, నేను లోపల బల్ల ముందున్నాను. బయట ఎండ మొహాన కొట్టేలా ఉంది. కిటికీకి ఎప్పటిలాగే తడి గోనె. వాకిట్లో గేటు గడియ చప్పుడు, ఆగకుండా. మామ గొంతు, "టైమైంది. హారన్ దేవులాడాలె. తియ్." గేటుకు తాళం వేసి ఉంది. గడియ ఊపుతూనే ఉన్నాడు. లేచి వెళ్దామనుకునేసరికి చప్పుడు ఆగింది. మంచం నులక కిర్రుమంది. అమ్మ గొంతు వినబడింది.

"అరేయ్ తమ్మీ, ఇను. ఒక బస్సు ఉండెనంట. ఆ బస్సు హారన్ అడవిల పోయిందంట."

నేను కదల్లేదు. పట్టపగలు. అమ్మ నోటితో.

"నెమలి వచ్చి గుడ్డు అనుకొని పొదిగిందంట. ఎలుగుబంటి తేనె అనుకొని నాకిందంట. చేదు, థూ అన్నదంట."

థూ అనడం నా పుస్తకంలో లేదు. బాగుంది, ఉండాల్సింది. అమ్మకు చదవడం రాదు. ఇన్నేళ్ల గిన్నెల చప్పుళ్ల మధ్య నా కథను ఆమె మొత్తం వినేసింది. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. మామ మంచం మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ నేల మీద, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఉంది. మామ ఇంకా గేటు వైపే చూస్తున్నాడు.

"బస్సేమో ఇంటికి రాలేకపాయె. అడవి అంచుకు ఆగె," అని అమ్మ నా వైపు తిరిగింది. "తర్వాత ఏందే? మంది దిగుతరు గద. దిగినంక ఏమంటరు? నువ్వు చెప్పు."

"పగలమ్మా."

"ఇంకెక్కడికి తప్పుతడే," అంది అమ్మ. ఆమె గొంతు మామూలుగానే ఉంది. "తప్పేదేదో తప్పిండు. చెప్పు."

మెట్టు మీద కూర్చున్నాను. పెదవులు విప్పడానికి కొంచెం సమయం పట్టింది. మంది ఒక్కొక్కరే దిగారని చెప్పాను. సంచులవాళ్లు దిగారు, కోళ్ల గంపలవాళ్లు దిగారు, గుండ్లు చేయించుకున్న పసిపిల్లల్ని ఎత్తుకుని తల్లులు దిగారు.

"ఊఁ," అన్నాడు మామ.

సన్నగా, కానీ సరిగ్గా పడాల్సిన చోట పడింది. అమ్మ ఆయన మోకాలి మీది చెయ్యి తీయలేదు. నేను వాక్యం మీద వాక్యం పెట్టుకుంటూ పోయాను, ఊఁ వెంట ఊఁ వస్తూనే ఉంది. గేటు వైపున్న మామ మొహం మెల్లగా మా వైపు తిరిగింది. అందరూ అడవి వైపు తిరిగారన్నాను. అందరూ గుండెల నిండా గాలి పీల్చారన్నాను. ఇక్కడ నేను బడుల్లో రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకునేదాన్ని. అలవాటుగా చేతులెత్తాను. నాకంటే ముందే మామ అరచెయ్యి మంచం పట్టె మీద నొక్కాడు. ఆయన నోటి నుంచి వచ్చింది, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

పాఁ... ప్పా.

"వచ్చిండు," అంది అమ్మ.

నాతో కాదు, ఎవరితోనూ కాదు. నేల మీద చెయ్యి ఆన్చి లేచి, ఎసరు పెట్టడానికి లోపలికి వెళ్లింది. మేం తిని అప్పటికి గంట కూడా కాలేదు. నేను ఆపలేదు.